గోడమీది ఫార్మసిస్టు

"ఏమ్మా, నువ్వు మనిషివా, గోడకి తగిలిచ్చిన పటమా?"

కర్ణాటకలోని బాగేపల్లి బస్టాండు దగ్గరి మెడికల్ షాపులో, పదిమంది వింటుండగా, చెన్నరాయప్ప అనే రైతు నమ్రతను అడిగిన మాట ఇది. అప్పటికి నమ్రతకు ఇరవై నాలుగేళ్లు. మూడేళ్లుగా ఆ అంగట్లో ఆమె నిజంగానే గోడకు తగిలించిన పటం.

ఆ అంగడి ఆమె చిన్నాయన మంజునాథ్‌ది. మందుల అంగడి నడపాలంటే ఫార్మసీ చదివి రిజిస్టరైన మనిషి ఒకరు ఉండాలి, ఆ మనిషి చూస్తుండగానే మందు చేయి మారాలి. చట్టం అట్లా అంటుంది. చట్టం మనిషిని అడుగుతుంది, అంగడివాడు కాగితం చూపిస్తాడు. చదివినవాడి సర్టిఫికేటును నెలకింతని అద్దెకు తెచ్చి, ఫ్రేము కట్టించి, దేవుడి పటాల పక్కన తగిలిస్తాడు. సర్టిఫికేటు తాలూకు మనిషి ఇంకేదో ఊర్లో ఇంకేదో పని చేసుకుంటుంటాడు. ఇక్కడ మందులిచ్చేది పదో తరగతి తప్పినవాడు. ఈ సంగతి తెలియనివాడు మందులు కొనేవాడొక్కడే.

విద్య దొంగలెత్తుకుపోలేని ధనమని చెప్పిన పెద్దమనిషి ఎవరో గాని, ఆయనకు మెడికల్ షాపు నడిపే చిన్నాయన ఉండి ఉండడు.

నమ్రత వాళ్లది చింతామణి. తాత పెట్టిన కిరాణా అంగడిని తండ్రి కోదండరామ చూసుకుంటున్నాడు. తాత అంగడితోబాటు ఒక నియమం కూడా ఇచ్చిపోయాడు: గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడి నోట "లేదు" అనే మాట రాకూడదు. ఉప్పు అయిపోతే "నిండుకుంది" అనాలి. అడిగిన సబ్బు లేకపోతే ఇంకో సబ్బు చేతిలో పెట్టాలి. గడప దగ్గరికి వచ్చినవాణ్ణి వట్టి చేతులతో పంపితే లక్ష్మి వాడి వెంటే వెళ్లిపోతుందట. కిరాణాలో ఈ నియమంతో ఎవరికీ ముప్పు లేదు. కందిబేడలు అడిగినవాడు పెసరబేడలు తిని పడిపోడు. కోదండరామ తమ్ముడు మంజునాథ్ బాగేపల్లిలో మందుల అంగడి పెట్టినప్పుడు ఆ నియమాన్ని ఉన్నదున్నట్టు అక్కడికి మోసుకుపోయాడు. ఎవరన్నా మెచ్చుకుంటే, "మా అంగట్లో లేదనే మాటే లేదప్పా" అని మీసం దువ్వుకునేవాడు కూడా.

నమ్రత పీయూసీలో, అంటే ఇంటర్లో, సైన్సు చదివింది. కెమిస్ట్రీ అంటే ఇష్టం, మార్కులు మధ్యరకం. ఏం చదవాలో ఆమె ఇంకా ఆలోచిస్తూ ఉండగానే మంజునాథ్ ఆలోచన ముగించాడు. అద్దె సర్టిఫికేటు మనిషి ఆ ఏడాది నెలకు రెండు వేలు పెంచమన్నాడు. "ఇంట్లో పిల్లని పెట్టుకోని బయటోనికి అద్దె ఎందుకు కట్టల్ల?" అని మంజునాథ్ అన్నకు ఫోను చేసి, చిక్కబళ్లాపురంలో ఫార్మసీ డిప్లొమా డీఫార్మ్‌కు తనే ఫీజు కట్టాడు. రెండేళ్లకు లక్షా ఇరవై వేలు. చుట్టాలందరూ మంజునాథ్‌ను మెచ్చుకున్నారు. అన్న కూతురిని సొంత కూతురులా చదివిస్తున్నాడన్నారు. సొంత కూతురు సహనను ఆయన ఇంజనీరింగులో చేర్చాడు, అది వేరే సంగతి.

చదువు అయింది. సర్టిఫికేటు బాగేపల్లి గోడకెక్కింది. నమ్రత చింతామణిలో తండ్రి పక్కన బెల్లం తూయడానికి కూర్చుంది.

"నేనూ బాగేపల్లికొచ్చి కౌంటర్లో నిలబడతా చిన్నాయనా" అని మొదటి నెలలోనే అడిగింది.

"రోజూ బస్సులో అంత దూరం యాడ తిరుగుతావు పాపా? నంజప్ప ఉండాడు కదా. నీకు నెలకి ఐదు వేలు. నీ పేరు మీద నా దగ్గర జమ అయితా ఉంటాది. దుడ్లు యాడికీ పోవు."

నంజప్ప షాపులో మందులిచ్చే మనిషి. మంజునాథ్ చెప్పింది తు.చ. తప్పకుండా చేస్తాడు, చెప్పనిది ఆలోచించడు. మంజునాథ్‌కు ఆయనలో నచ్చింది ఆ రెండో గుణమే.

తనిఖీ ఉండొచ్చని గుసగుస వచ్చినప్పుడు మాత్రం చింతామణికి ఫోను వచ్చేది. "పాపా, రేపు కోటు తెచ్చుకో." నమ్రత తెల్లకోటు ఇస్త్రీ చేసుకుని బస్సెక్కి పోయి, కౌంటరు వెనక కూర్చుని, సాయంత్రం కోటు మడిచి సంచిలో పెట్టుకుని తిరిగొచ్చేది. ఒక్కోసారి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. ఆ రోజు నంజప్ప ఆమె చేతికి ఒక్క మందు చీటీ కూడా ఇచ్చేవాడు కాదు. "నువ్వు కూర్చోమ్మా, నేనిస్తా" అని మర్యాద చేసేవాడు. రెండేళ్లు మందుల గుణాలూ మోతాదులూ బట్టీపట్టిన మనిషికి ఆ మర్యాద ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు. అయినా ఆమె కూర్చుంది. బలవంతాన ఎవరూ కూర్చోబెట్టలేదు. తన సర్టిఫికేటు ఏం చేస్తోందో ఆమెకు తెలుసు.

మూడేళ్లు నిండాక ఆమెకు విసుగు పుట్టింది. చిక్కబళ్లాపురంలో ఒక నర్సింగ్ హోము వాళ్లు ఫార్మసిస్టు కావాలని బోర్డు పెట్టారు. సర్టిఫికేటు దించి ఇస్తే అక్కడ చేరతానని చిన్నాయనతో చెప్పింది.

మంజునాథ్ వద్దనలేదు. ఆయన ఏదీ వద్దనడు. అడిగిన సరుకు లేకపోతే ఇంకోటి చేతిలో పెడతాడు.

"ఉద్యోగమేమి ఉద్యోగం? పద్నాలుగు వేలకి నిలబడుకోని కాళ్లు వాపులు తెచ్చుకుంటావా? బీఫార్మ్ చదువు పాపా. డిప్లొమా అయినోళ్లకి నేరుగా రెండో ఏడులో సీటిస్తారు. మూడేండ్లు. ఫీజు నేను కడతా, నీ జమ ఉండాది కదా."

అక్కడినుంచి మొదలైంది భజన. తండ్రి "చదువు యెప్పుడూ వేస్టు కాదు పాపా" అన్నాడు. తల్లి అన్నది. ఎదురింటి రిటైర్డు మేష్ట్రు గేటు దగ్గర నిలబెట్టి మరీ అన్నాడు. పాల ప్యాకెట్లు వేసే మనిషి సైతం అన్నాడు. ఈ దేశంలో చదువు వేస్టు కాదని చెప్పేవాళ్లలో ఒక్కడైనా ఏ చదువు, ఎవరి డబ్బుతో, ఎందుకోసం అని అడగడు. అడిగితే సరస్వతికి కోపం వస్తుందనో ఏమో. మూడేళ్లు కాలేజీలో ఉంటే ఆ మూడేళ్లూ సర్టిఫికేటు ఎక్కడుంటుందని కూడా ఎవరూ అడగలేదు. నమ్రతకు మాత్రం ఆ ప్రశ్న తట్టింది. తట్టినా, డిగ్రీ అనే మాటలో ఒక మెరుపుంది. డిగ్రీ ఉంటే మందుల ఇన్‌స్పెక్టరు పరీక్ష రాయొచ్చు. తెల్లకోటు వేసుకుని తను ఎవరికోసం కాచుకుని కూర్చుంటుందో ఆ కుర్చీలోకే పోవచ్చు. ఆ ఊహ ఆమెకు భలే నచ్చింది.

తేల్చుకోలేక గార్గికి ఫోను చేసింది. గార్గి డీఫార్మ్‌లో ఆమెతో చదివి, ఆ వెంటనే బీఫార్మ్ కూడా ముగించిన పిల్ల. పూజారుల ఇంటి అమ్మాయి, నోరు మాత్రం సంతలో పెరిగినట్టుంటుంది.

"డిగ్రీ అయినాక ఏం చేస్తాండావే?"

"బెంగళూరులో అమెరికా ఆస్పత్రుల బిల్లులకి కోడ్లు వేస్తాండా. పగలు నిద్ర, రాత్రి బిల్లు."

"దానికి ఫార్మసీ ఎందుకు?"

"ఎందుకూ లేదు. డిగ్రీ ఉండాదా అన్యారు, ఉండాదన్యా. నా పక్క సీట్లో బీకాం పిల్లోడు నాకంటే బిరబిరా వేస్తాడు."

"జీతం?"

"పద్దెనిమిది వేలు. పీజీ హాస్టలుకి ఏడు పోతాది. మా నాయన మాత్రం ఊర్లో అందరికీ పాప మెడికల్ లైన్లో ఉండాదని చెప్తాడు. నిజమే, రోజూ లైన్లోనే ఉంటా, క్యాబు కోసం."

"అయితే చదవద్దంటావా?"

"నేనెప్పుడన్యా అట్ల? మందుల కంపెనీలో పనికి కావాల్నా, డిగ్రీ కావాల. సర్కారు పోస్టుకి కావాల్నా, కావాల. కౌంటర్లో నిలబడి మందులిచ్చేదానికి కావాల్నా, నీ దగ్గరుండేదే చాలు. నీకేం కావాల్నో ముందు నువ్వు చెప్పు. నన్నెవురూ ఈ మాట అడగలేదు, అందుకే నిన్నడుగుతాండా."

ఆ రాత్రి నమ్రత ఆలోచించుకుని, చదువుదామనే నిర్ణయానికే వచ్చింది. కాలేజీ అర్జీ నింపి పెట్టింది. ఇంక ఫీజు కట్టడమే తరువాయి.

సరిగ్గా ఆ వారంలోనే మళ్లీ గుసగుస వచ్చింది, మళ్లీ ఫోను, మళ్లీ తెల్లకోటు. ఆ రోజు తనిఖీకి ఎవరూ రాలేదు. చెన్నరాయప్ప వచ్చాడు.

చెన్నరాయప్పది మండికల్ దగ్గర పల్లె. నాలుగు ఆవులు, కొంచెం చేను. వెనక ఆయన కూతురు ప్రేమ, ఇరవై లోపు పిల్ల, నోటికి తువాలు అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆ పిల్లకు చిన్నప్పటినుంచి మూర్ఛ. డాక్టరు రాసిన మాత్రతో నాలుగేళ్లుగా అదుపులో ఉంది. బాగేపల్లి సంతకొచ్చినప్పుడల్లా చెన్నరాయప్ప ఆ మాత్రలు ఇక్కడే కొనుక్కుపోతాడు.

ఆయన ఖాళీ మాత్రల అట్ట, బిల్లు కౌంటరు మీద పెట్టాడు.

"ఇవి ఇచ్చింది యెవురు?"

నంజప్ప అట్ట చూశాడు. "నేనేనప్పా. నీ మాత్రే కదా. పేరు చూడు, ఒకటే."

"పేరు ఒకటే. దాని కింద అంకె చూడు. డాక్టరు రాసింది ఐదు నూర్లు. నువ్విచ్చింది రెండు నూర్ల యాభై. నేను చదువుకోలేదు, డాక్టరే వేలు పెట్టి చూపిచ్చినాడు. సగం మందు మింగి నా కూతురు డైరీ కాడ పాలు పోస్తా పోస్తా పడిపోయింది. సిమెంటు గట్టు తగిలి ముందు పండ్లు రెండు పోయినాయి."

ప్రేమ తువాలు తీయలేదు. తీయాల్సిన అవసరమూ రాలేదు.

"పెద్దది నిండుకున్యాది ఆ దినం" అన్నాడు నంజప్ప. "అందుకని..."

"నిండుకుంటే? లేదని చెప్తే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా? పక్కంగడికి పోయేవాణ్ణి కదా. రెండేసి మింగమని ఒక్క మాట చెప్పినా అయ్యేది కదా."

మంజునాథ్ గల్లా దగ్గరినుంచి లేచి వచ్చి, కూర్చోప్పా, కాఫీ తాగప్పా అన్నాడు. చెన్నరాయప్ప కాఫీ సంగతి వినిపించుకోలేదు. బిల్లు తిప్పి, కింద అచ్చయిన పేరు మీద వేలు పెట్టాడు.

"ఈడ ఫార్మసిస్టు నమ్రత అని ఉండాదంట, డాక్టరు చదివినాడు. ఆయమ్మ యాడుండాది?"

నంజప్ప అలవాటుకొద్దీ గోడవైపు చూశాడు. ఫ్రేములో ఇరవై ఒక్కేళ్ల నమ్రత ఫోటో. దాని కిందే కుర్చీలో, తెల్లకోటులో నమ్రత.

"నేనేనప్పా" అంది ఆమె.

"ఆ దినం మాత్రలు ఇచ్చింది నువ్వా?"

"కాదు."

"ఆ దినం ఈడ ఉండావా?"

"లేను."

"మళ్ల పేరెందుకుండాది?"

నమ్రత తలెత్తి గోడమీది ఫ్రేము వైపు చూసింది. మందులకొచ్చినవాళ్లు ఆమెను చూస్తున్నారు. అప్పుడడిగాడు ఆయన ఆ మాట, మనిషివా పటమా అని. గట్టిగా కూడా అడగలేదు. తెలుసుకుందామని అడిగినట్టే అడిగాడు. మందుల శాఖ జిల్లా ఆఫీసులో అర్జీ పెడతానని చెప్పి, కూతుర్ని వెంటబెట్టుకుని పోయాడు.

మరుసటి రోజు సాయంత్రం మంజునాథ్ చింతామణికి వచ్చాడు. చేతిలో మైసూరుపాకు డబ్బా, జేబులో మడిచిన కాగితం. డబ్బా వదినకిచ్చి, కాగితం నమ్రత ముందు పెట్టాడు. ముందే టైపు చేయించి తెచ్చాడు. ఆ దినం నేను అంగట్లోనే ఉన్నాను, పెద్ద మాత్ర లేనందున చిన్నవి ఇచ్చి, రెండేసి వేసుకోమని రోగి తండ్రికి స్పష్టంగా చెప్పాను. కింద ఆమె పేరు, సంతకానికి చోటు.

"సంతకం పెట్టు పాపా. రేపే కాలేజీ ఫీజు కట్టేస్తా. ఫోన్లోనే కట్టొచ్చంట, సహన చూపిచ్చింది."

నమ్రత రెండుసార్లు చదివింది. "ఇట్ల రాస్తే తప్పు ప్రేమదయితాది. చెప్పినా వినలేదని."

"ఆయమ్మకేమి పోతాది? జైలుకేస్తారా? నీకూ నాకూ లైసెన్సులు పోతాయి."

"ఆయమ్మకి పండ్లు పోయినాయి చిన్నాయనా."

"పండ్లు కట్టిచ్చుకోవచ్చు. అంగడి కట్టిచ్చుకోలేము."

కోదండరామ గొంతు సవరించుకున్నాడు. తమ్ముడి ముందు ఆయన గొంతు సవరించుకున్నంత తరచుగా మాట్లాడడు. "పాపా, నువ్వు చదివిందే మీ చిన్నాయన కట్టిన ఫీజుతో."

నమ్రతకు అప్పటిదాకా ఉన్నది సిగ్గు. అది ఆ మాటతో కోపమైంది.

"కట్టింది లక్షా ఇరవై. నెలకి ఐదు వేలన్యాడు, మూడేండ్లకి లక్షా ఎనభై అయింది. తీసేస్తే ఇంగా అరవై వేలు నాకే రావాల. బీఫార్మ్ ఫీజు కూడా నా దుడ్లతోనే కడతా కట్టినోని పేరు తెచ్చుకుంటాండాడు. నేను కాలేజీలో ఉంటే పటం గోడ మీదనే ఉంటాది. దీనికి చదువని పేరు."

మంజునాథ్ నవ్వాడు. "చూడన్నా, చదువుకున్న పిల్ల. ఇంట్లో లెక్కలడుగుతాండాది."

"శెట్ల ఇంట్లో పుట్టినా. లెక్కలు కాక ఇంగేమి అడుగుతా?"

తల్లి వంటింటి గుమ్మంలో మైసూరుపాకు డబ్బా పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. మంజునాథ్ నవ్వు ఆగింది.

"అయితే బీఫార్మ్ వద్దా?"

"నువ్వు కట్టేది వద్దు."

"సంతకం?"

"పెట్టను."

"అంటే ఈ ఇంట్లో నా మాటకి విలువ లేదా?"

"లేదు."

మూడు తరాలుగా ఆ ఇంట్లో ఎవరూ పలకని మాట. కోదండరామ ఉలిక్కిపడి గుమ్మంవైపు చూశాడు, లక్ష్మి అప్పుడే చెప్పులు వేసుకుంటున్నట్టు.

తెల్లారి నమ్రత మొదటి బస్సుకు బాగేపల్లి పోయింది. నంజప్ప అప్పుడే షట్టరు ఎత్తి, నీళ్లు చల్లి, అగరొత్తి వెలిగిస్తున్నాడు. ఆమె స్టూలు లాక్కుని ఎక్కి, ఫ్రేము దించింది. గోడ మీద నాలుగు మూలల తెల్ల మచ్చ మిగిలింది.

"అన్న వచ్చేదాకా ఉండమ్మా" అన్నాడు నంజప్ప, స్టూలు పట్టుకునే. పడిపోతుందేమోనని భయం, పట్టుకుంటే తనమీదికి వస్తుందేమోనని ఇంకో భయం.

ఇంతలో ఒకాయన బిడ్డకు దగ్గు మందు అడుగుతూ వచ్చాడు.

"మందులు లేవప్పా" అంది నమ్రత. "ఈ అంగట్లో ఫార్మసిస్టు లేదు. పక్క అంగట్లో తీసుకో."

"బోణీ కూడా కాలేదమ్మా, ఆ మాట..." అని నంజప్ప చెవుల మీద చేతులు పెట్టుకున్నాడు.

అక్కడినుంచే మండికల్ దారి పట్టి, జరిగింది జరిగినట్టు రాసిన కాగితాన్ని చెన్నరాయప్ప చేతికిచ్చింది. మూడేళ్లు తన సర్టిఫికేటు గోడ మీద ఉండగా తను చింతామణిలో బెల్లం తూచిన సంగతి కూడా దాచలేదు. ఆయన దాన్ని అర్జీతోబాటు జిల్లా ఆఫీసులో పెట్టాక ఆమెకూ నోటీసు వచ్చింది. సంజాయిషీ రాసింది, మందలింపుతో వదిలారు. అది ఎక్కువనిగాని తక్కువనిగాని ఆమె ఎవరితోనూ అనలేదు.

ఇక న్యాయం. మంజునాథ్ అంగడి కొన్నాళ్లు మూతపడి మళ్లీ తెరుచుకుంది. తెల్ల మచ్చ మీద ఇప్పుడు బెంగళూరులో ఉండే ఒక పిల్లవాడి సర్టిఫికేటు ఉంది. నెలకు ఏడు వేలట, అదీ నెలనెలా, రొక్కం. బయటివాడికి జమ అంటే కుదరదు మరి. నంజప్ప అక్కడే ఉన్నాడు. అంకెలు చూసి ఇస్తున్నాడో లేదో ఎవరికీ తెలియదు.

నమ్రత చిక్కబళ్లాపురం నర్సింగ్ హోములో పద్నాలుగు వేలకు చేరింది. రోజంతా నిలబడుతుంది, కాళ్లు వాస్తాయి, ఆ విషయంలో చిన్నాయన చెప్పింది నిజమే. చీటీలో రాసిన మందు లేకపోతే లేదంటుంది, రోజుకు ఇరవైసార్లయినా. మొదట్లో యజమాని ముఖం చిట్లించాడు, ఇప్పుడు అలవాటు పడ్డాడు. బీఫార్మ్ అర్జీ గడువు దాటిపోయింది. ఎదురింటి మేష్ట్రు కనిపించినప్పుడల్లా "చదువు ఆపేస్తివా తల్లీ, ఎంత పని చేస్తివి" అని బాధపడతాడు. ఒకరోజు ఆమె ఆగి, "మూడు లక్షలు అప్పిస్తారా అప్పా, వడ్డీ లేకుండా? ఈ ఏడే చేరతా" అంది. అప్పటినుంచి ఆయన గేటు దగ్గర నిలబడటం మానేశాడు.

చదవనని ఆమె అనలేదు. గార్గి అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది గనక తొందర లేదంటుంది. ఇన్‌స్పెక్టరు కుర్చీ మీద కన్ను ఇంకా ఉంది. మొత్తం ఎంతవుతుంది, ఎన్నేళ్లకు తిరిగొస్తుంది, ఆ మూడేళ్లూ తన పేరు ఎక్కడుంటుంది, ఈ లెక్క తేలినరోజు చేరుతుంది. తేలకపోతే చేరదు.

చిన్నాయన దగ్గరి అరవై వేల గురించి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆమె కూడా ఎత్తదు, కాని మరిచిపోలేదు.

ప్రేమకు పళ్లు కట్టించడానికి పద్దెనిమిది వేలయింది. సగంలో సగం కూడా మంజునాథ్ ఇవ్వలేదు, కాఫీ మాత్రం మళ్లీ ఇవ్వజూపాడట. ఆ డబ్బు తను ఇస్తానని నమ్రత అంటే చెన్నరాయప్ప ఒప్పుకోలేదు.

"నువ్వెందుకమ్మా? మాత్ర ఇచ్చింది నువ్వు కాదు కదా."

"బిల్లు మీద పేరు నాదే కదప్పా."

జీతం వచ్చిన రోజున రెండేసి వేలు పంపుతోంది. ఇంకా ఆరు వేలు బాకీ ఉంది.